రెండో సూది

లిదియా ఆ కొండల్లోకి వచ్చి పద్నాలుగు నెలలైనా అక్కడి మాట ఆమె చెవికి ఇంకా పూర్తిగా పట్టుబడలేదు. పుట్టి పెరిగింది రాజోలు దగ్గర. పశువైద్యంలో డిప్లొమా చేసి, పరీక్ష రాసి, అరకు వైపు పశుసంవర్ధక సహాయకురాలిగా ఉద్యోగం తెచ్చుకుంది. చేరిన మొదటి వారంలోనే ఒకాయన పరుగున వచ్చి బేగి, అంటే త్వరగా, రమ్మంటే, బ్యాగు తెమ్మంటున్నాడనుకుని గదంతా వెతికి, బ్యాగు తగిలించుకుని వెళ్ళేసరికి దూడ పుట్టి లేచి నిలబడింది. ఆ సంగతి చెప్పుకుని నేరేడుపుట్టు ఊరంతా వారం రోజులు నవ్వింది. లిదియా కూడా నవ్వింది. చెవి చేసే పొరపాట్లన్నీ నవ్వి ఊరుకునేవే అనుకుంది పాపం.

నేరేడుపుట్టు కొండదొర గిరిజనుల ఊరు. ముప్పై ఏడు గడపలుంటాయి. అక్కడ ఆవు పాలు పితకరు. పాలు దూడవి, అందులో మనిషికి వాటా లేదు, అంతే. ఆవును పెంచేది నాగలికి ఎద్దునిస్తుందని. మిగిలిన గిత్తలు సంతకు పోతాయి. ఫలానా జాతి దూడ పుడితే బిందెడు పాలిస్తుందని చెప్పడానికి వచ్చిన వాళ్ళందరినీ ఆ ఊరు మర్యాదగా కూర్చోబెట్టి, టీ ఇచ్చి, పంపించేసింది. డాక్టరు సర్వేశ్వరరావు గారు మాత్రం పాల ఊసెత్తలేదు. ఒడ్డూ పొడుగూ ఉన్న దూడ పుడుతుంది, దుక్కికి కడితే రెండెకరాలు ఆగకుండా దున్నుతుంది, మాంసానికి ఇచ్చినా బాగా తూగుతుంది అన్నారు. ఆ మాట వాళ్ళకు నచ్చింది.

నచ్చితే సరిపోదు కదా. కొండ ఆవులు పగలంతా అడవిలో మేస్తాయి. ఎదకు ఎప్పుడొచ్చాయో ఎవరూ చూడరు. చూసి కబురు పెట్టినా, ఆ కబురు కొండ దిగి, లిదియా కొండ ఎక్కేసరికి అదును దాటిపోతుంది. పది ఆవులకు వీర్యం వేస్తే రెండింటికి నిలవడం గగనం. అందుకని హార్మోను పద్ధతి తెచ్చారు. మొదటి రోజు ఒక సూది, ఏడో రోజు రెండోది, పదో రోజు పొద్దున మూడోది, దానితో పాటే వీర్యం. ఎద కోసం కాచుకోనక్కర్లేదు, ఆవులన్నీ ఒకే రోజుకు సిద్ధమవుతాయి. పక్క లోయలో ఇలా చేస్తే పదింటికి అయిదు నిలిచాయని డాక్టరు గారు చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు.

చిక్కంతా ఆ రెండో సూదితోనే. ఖాళీగా ఉన్న ఆవును అది ఎదకు తెస్తుంది. అప్పటికే చూడి కట్టిన ఆవుకు పడితే కడుపు పోగొడుతుంది. ఆ మందుకు చూలు ఉందా లేదా అని కనుక్కునే తెలివి లేదు, అది మనిషికే ఉండాలి. చెయ్యి పెట్టి గర్భసంచి తడిమి చూడకుండా ఆ సూది వెయ్యకూడదని శిక్షణలో చెప్పారు. లిదియా ఆ వాక్యాన్ని పుస్తకంలో రాసుకుని కింద రెండు గీతలు కూడా గీసింది.

మొదటి రోజు డాక్టరు గారు, లిదియా, పక్క ఊరి సహాయకుడు వరహాలరావు ముగ్గురూ వచ్చారు. డాక్టరు గారు పై వీధి చూసుకున్నారు, మిగతా ఇద్దరూ కింది వీధి. ఏడో రోజున లిదియా ఒక్కతే వచ్చింది. పుష్యమాసపు మంచు ఇంకా విడవలేదు. పదకొండు ఆవుల్లో పదింటికి సూది వేసేసరికి వేళ్ళు కొంకర్లు పోయాయి. చిట్టచివరి ఇల్లు పై వీధిలో సోములమ్మది. జాబితాలో ఆమె పేరు ఉంది గానీ, మొదటి సూది వేసినట్టు పక్కన గుర్తు లేదు.

సోములమ్మకు అరవై దాటాయి. కాఫీ తోటలో పళ్ళు ఏరడానికి పోతుంది, ఊళ్ళో పురుళ్ళు పోస్తుంది. కొడుకు ఫల్గుణ, కోడలు సోని. సోనికి ఎనిమిదో నెల, తొలిచూలు. ఆ ఇంటికి ఉన్నది ఒక ఎర్రావు, ఒక ముసలి ఎద్దు. జత ఎద్దు వానాకాలంలో లోయలో జారిపడి చచ్చిపోయింది. ఎర్రావు మూడేళ్ళుగా ఈనలేదు. అది ఈని, గిత్త పుట్టి, పెరిగి నాగలి పడితే తప్ప ఆ ఇంటి నాగలికి జత లేదు.

లిదియా సిరంజి చేతిలో పట్టుకునే అడిగింది. "మొదటిది అయిపోయిందాండి పెద్దమ్మా?"

సోములమ్మ అటూ ఇటూ చూసింది. కోడలు లోపల పొయ్యి దగ్గర ఉందో లేదో చూసుకుంది. ఆమె నోట్లో అడ్డపొగ ఉంది. కాలే కొసను లోపలికి పెట్టుకుని తాగే చుట్ట అది. దాన్ని తియ్యకుండానే లిదియా భుజం దాకా వంగి, ఊపిరికి కొంచెం ఎక్కువగా, గొంతుకు చాలా తక్కువగా చెప్పింది. లిదియాకు వినబడింది ఇదీ:

"సూదయిపోనాది."

సూది అయిపోయిందంటే పై వీధిలో డాక్టరు గారే వేసి ఉంటారు. డాక్టరు గారు వేశారంటే ముందు చెయ్యి పెట్టి చూసే ఉంటారు. లిదియా మనసు ఇంత చక్కగా లెక్క కట్టుకుంది. సంచిలో చేతి తొడుగు ఒకటి మిగిలే ఉంది. దాన్ని తొడుక్కుని, నూనె రాసి, చూసి, మళ్ళీ ఆ చలినీళ్ళతో చెయ్యి కడుక్కోవడానికి పట్టేది పది నిమిషాలు. ఆ పది నిమిషాలకు ఆమె బద్ధకించింది. దీన్ని ఇంకో మాటతో చెప్పి దాచిపెట్టడం దేనికి?

ఈ సూది దేనికని సోములమ్మ అడిగితే, నిలవడానికే పెద్దమ్మా అంది లిదియా. ముసలామె ముఖం విప్పారింది. సూది దిగుతున్నంతసేపూ ఆవు గంగడోలు నిమిరింది. తర్వాత లిదియా మణికట్టు పట్టుకుని ఒక్కసారి నొక్కి వదిలింది. ఇంత ఆప్యాయత ఎందుకో లిదియాకు అర్థం కాలేదు గానీ, కొండ దిగుతున్నంతసేపూ ఆ చెయ్యి వెచ్చగా ఉన్నట్టే అనిపించింది.

పదో రోజు పొద్దున వీర్యం డబ్బా మోసుకుని వచ్చింది. పది ఆవులూ సక్రమంగా ఎదలో ఉన్నాయి. డాక్టరు గారి లెక్క తప్పలేదు. సంతోషంగానే పై వీధికి ఎక్కింది. సోములమ్మ ఇంటి ముందు ఫల్గుణ గునపం కడుక్కుంటున్నాడు. సోని గడప మీద మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని కూర్చుంది. ఎర్రావు తల వంచుకుని నిలబడి ఉంది, వెనక సగం పడిన మాయ వేలాడుతోంది.

తెల్లవారుజామున ఆవు ఈసుకుపోయిందని, కడుపు పోయిందని ఫల్గుణ చెప్పాడు. పిల్లికూనంత ఉందట. ఇంటి వెనక పాతిపెట్టి వచ్చాడు. అమ్మేదని లిదియా అడిగితే కొండ మీది చేను వైపు చెయ్యి చూపించాడు. చాపా కుండా తీసుకుని చేను గుడిసెకు పోయిందట, కోడలు కనేదాకా ఇంటికి రానందట.

ఎందుకని అడిగింది లిదియా. ఆవు కడుపు ఎలాగూ పోయింది కాబట్టి ఫల్గుణ పైకే చెప్పాడు. ఆ ఊళ్ళో ఆవు చూలు కట్టినా, ఆడది కడుపుతో ఉన్నా ఆ మాట పైకి అనరు. అందరికీ తెలుస్తుంది, ఎవరూ అనరు. ఆవు ఎలా ఉందంటే మేస్తోందని ఊరుకుంటారు. పైకంటే వినకూడనిది ఏదో వింటుందని భయం. సోములమ్మ పుట్టి బుద్ధెరిగాక ఆ మాట పలికింది లేదు. కానీ డాక్టరమ్మకు చెప్పకపోతే మందు తేడా పడుతుందేమోనని, కట్టుబాటు తప్పి, మొన్న ఒక్కసారి అంది.

"సూడయిపోనాది అని అనీసిందంట మేడమ్," అన్నాడు ఫల్గుణ. "మీతోనే అనిందంట."

అప్పుడు విన్నది లిదియా. తమ ఊళ్ళో చూడి అంటారు. ఇక్కడ చకారం సకారమవుతుందని ఆమెకు పద్నాలుగు నెలలుగా తెలుసు, చెయ్యి సెయ్యి కావడం రోజూ వింటూనే ఉంది. మిగిలింది ఒక్క అక్షరం తేడా. ఆ అక్షరం చుట్ట పొగలో, భయంలో కలిసిపోయింది. సోములమ్మ సూడి అంది. లిదియా సూది అని విని, సూది పొడిచింది. ఆమె ఆవు పక్కన చతికిలబడింది. సోని మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

సిగ్నలు దొరికే మలుపు దగ్గరికి వెళ్ళి డాక్టరు గారికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. తాను పై వీధిలో ఆ ఆవును చూడనే లేదని, ఆ రోజు అది తోటలో మేతకు పోయిందని ఆయన చెప్పారు. తర్వాత ఆయన నెమ్మదిగా నచ్చజెప్పారు. కొండ ఆవులు ఈసుకుపోవడానికి వంద కారణాలుంటాయి. ఈ ఒక్క మాట బయటపడితే ఈ పద్ధతికి ఒప్పుకున్న ఏడు ఊళ్ళ వాళ్ళు మళ్ళీ పశువును మన దగ్గర కట్టరు, రెండేళ్ళ కష్టం మట్టిలో కలుస్తుంది. ఆవుకు మందు వేసి, మాయ పడేదాకా చూసుకుని, నోరు మూసుకుని రమ్మన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ ఊళ్ళ దారుల్లో మోటారుసైకిలు మీద పడి రెండుసార్లు చెయ్యి విరగ్గొట్టుకున్న మనిషి. లిదియాకు ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు కూడా. సరేనండి అంది.

అయిదు రోజులు ఆమె ఆ సరే మీదే బతికింది. రోజూ కొండెక్కి ఆవుకు సూదులు వేసింది. మూడో రోజుకు మాయ పడింది, జ్వరం తగ్గింది, ఆవు గడ్డి ముట్టింది. సూదుల పెట్టె మూసి తలెత్తితే పైన చేను గుడిసె కప్పులోంచి పొగ కనిపించేది. ఆ గుడిసెకు మూడు వైపులే తడికలు. రాత్రిళ్ళు గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటున్న రోజులవి. ఫల్గుణ అన్నం తీసుకువెళ్ళి గట్టు మీద పెట్టి వస్తున్నాడు. అమ్మ దగ్గుతోందని చెప్పాడు. పొమ్మని ఆమెను ఊళ్ళో ఎవరూ అనలేదు. అలాగని రమ్మని పిలిచిన వాళ్ళూ లేరు. నోరు జారిన మాట నిజమే కదా అని అందరూ లోపల ఒప్పుకున్నారు, అందరికంటే ముందు సోములమ్మే ఒప్పుకుంది.

ఆదివారం అరకులో చర్చికి వెళ్ళింది లిదియా. పాపాలు ఒప్పుకునే ప్రార్థనలో అందరితో పాటు పెదవులు కదిపింది. కానీ తాను ఒప్పుకోవలసింది ఆ గోడల మధ్య కాదని ఆమెకు బాగా తెలుసు. పక్క బెంచీలో ఎవరో ముసలావిడ దగ్గింది. అంతే, పాట మధ్యలోనే లేచి బయటికి వచ్చేసింది.

మర్నాడు ఆవును చూసి వెళ్ళబోతుంటే సోని ఆపింది. ఆ పిల్ల కళ్ళ కింద నల్లటి చారలు పడ్డాయి. పురుటికి ఆసుపత్రికి తీసుకుపోతామని ఫల్గుణ అంటున్నాడట, పురుటికి తనకేమీ భయం లేదట. అయినా రాత్రి బిడ్డ తిరుగుతుంటే చెయ్యి వేసి, ఇది తల, ఇది కాలు అని చెప్పే మనిషి ఇంట్లో లేకపోయింది అంది.

"నా కాడ నోరు తెరిస్తే బిడ్డకేటవుతాదోనని అత్తకి బయం," అంది సోని. "నాను సేను కాడికి ఎల్తే కొంగు నోట్లో కుక్కీసుకుని ఎనక్కి తిరిగీసింది."

లిదియా సూదుల పెట్టె అక్కడే అరుగు మీద వదిలేసి చేను దారి పట్టింది. సామలు కోసేసిన చేను అది, మోళ్ళు మడమలకు గుచ్చుకుంటున్నాయి. సోములమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది. ఆరు రోజుల్లోనే మనిషి సగమైంది. లిదియాను చూసి కొంగు నోటి మీదికి లాక్కుంది, మళ్ళీ ఈ పిల్లకు కడుపు లేదు కదా అనుకుందో ఏమో, దించింది. ఆవు మేస్తోందా అని అడిగింది.

మేస్తోందని చెప్పి లిదియా ఎదురుగా నేల మీద కూర్చుంది. దారి పొడుగునా అల్లుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"ఆవు కడుపు పోగొట్టింది నేనేనండి పెద్దమ్మా. నేను వేసిన సూదే."

సోములమ్మ ఆమె వైపు జాలిగా చూసింది. తల అడ్డంగా ఊపింది. నన్ను ఊరుకోబెట్టడానికి ఇంత కొండెక్కి వచ్చావా, మంచి గుంటవి అంది, ఆడపిల్లను అక్కడ పిలిచే మాటతో. తన తప్పు తనకు తెలుసట. తన తల్లి బతికుండగా ఎన్నిసార్లు చెప్పిందో కూడా చెప్పింది. లిదియాకు ఏడుపు వచ్చింది. నిజం చెబితే తిట్లు పడతాయనుకుంది గానీ, అది దయ కింద జమ అవుతుందని అనుకోలేదు. ఆ పెద్ద మనసు చాటున అప్పుడే దాక్కుని, దండం పెట్టి, దిగిపోవచ్చు. లోకంలో ఎంతమంది అలా దిగిపోలేదు?

దిగిపోలేదు లిదియా. మొదటినుంచీ చెప్పింది. రెండో సూది ఏం చేస్తుందో చెప్పింది. మొదటిది అయిందా అని తాను అడిగింది మొదటి సూది గురించని చెప్పింది. మీరన్నది నాకు సూది అని వినబడిందండి అంది. చెయ్యి పెట్టి చూస్తే తెలిసిపోయేదని, సంచిలో తొడుగు ఉండి కూడా చూడలేదని అంది.

సోములమ్మ నోట్లోని చుట్ట తీసి పక్కన పెట్టింది. పెదవులు మాత్రం కదిపి ఏదో అనుకుంది. తర్వాత పైకి, ఒకదాని వెనక ఒకటిగా, విడివిడిగా పలికింది.

"సూది. సూడి."

రెండూ తన చెవులతోనే విన్నది. ఆమె ముఖంలో జాలి పోయింది. ఆ పోవడం లిదియా కళ్ళారా చూసింది.

"ఇనపడనప్పుడు ఇంకోపాలి అడగనేదేటి?"

"విన్నాననుకున్నానండి," అంది లిదియా.

కింద ఊళ్ళో ఎవరో రోకలి పోటు వేస్తున్న చప్పుడు వస్తోంది. సోములమ్మ తన అరచేతిని ముందుకు చాపి, దాని మీద రెండో చేత్తో కొలత చూపించింది.

"కోడెదూడ అది. నాను సూసినాను. గిట్టలు కూడా ఒచ్చీసినాయి."

అప్పుడు ఏడ్చింది ముసలామె. ఇన్నాళ్ళూ ఏడవడానికి కూడా భయపడినట్టుంది, గొంతు చించుకుని ఏడ్చింది. లిదియా చెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టింది. ఏడుపు అయ్యాక ముఖం తుడుచుకుని లేచి, కుండలోని నీళ్ళు పొయ్యి మీద కుమ్మరించింది. చాప చుట్టింది. లిదియా చాప అందుకోబోతే లాగేసుకుని చంకలో పెట్టుకుంది. ముందు నడిచింది. వెనక్కి చూడలేదు.

ఊళ్ళోకి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అరుగుల మీద కాఫీ గింజలు ఆరబోస్తున్న ఆడవాళ్ళు సోములమ్మను చూసి చేతులు ఆపేశారు. సోని కనిపిస్తే ఒకామె లోపలికి పొమ్మని సైగ చేసింది. సోని పోలేదు. ఫల్గుణ పరుగున వచ్చి అమ్మ ఎదుట నిలబడ్డాడు. వెనకాల లిదియా ఉంది. డాక్టరు గారి మాట, ఖాయం కాని ఉద్యోగం, ఏడు ఊళ్ళు, పదింటికి అయిదు, అన్నీ ఆమెకు గుర్తున్నాయి. అయినా వెళ్ళిపోకుండా వీధి మధ్యలో నిలబడింది.

సోములమ్మ చాప దించి, నోటికి కొంగు అడ్డం పెట్టుకోకుండా, వీధి వీధంతా వినేలా అంది.

"నా నోరు కాదర్రా. ఈ గుంట సెవి."

అందరూ లిదియా వైపు తిరిగారు. అవునండి అంది లిదియా. ఆ మాట దగ్గరున్న వాళ్ళకే వినబడింది. చివరి అరుగు మీద నుంచి ఒక ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏటన్నాదని అడిగాడు. ఆమె ఊపిరి తీసుకుని, మొదటినుంచీ మళ్ళీ చెప్పింది, ఈసారి అందరికీ వినబడేలా.